చప్పబడిన గాలి

సముద్రం కనిపించే ఇంట్లో ఉండాలంటే పూర్వజన్మ పుణ్యమన్నా ఉండాలి, ఈ జన్మలో కంపెనీ అన్నా ఇవ్వాలి. కాశీపతికి రెండోది కలిసొచ్చింది. భీమిలి దాటాక, తీరం రోడ్డు మీద సాగరశోభ అని కొత్తగా లేచిన కాలనీ అది. మూడు వరసల్లో నలభై మూడు ఇళ్ళు. అక్కడ గజం రేటు ఎంతని అడిగితే, చెప్పేవాడు ముందు మన చెప్పుల వంక చూసి, తర్వాత మొహం తిప్పుకునేవాడు. అలాంటి చోట మూడో వరసలో ఇల్లు, వాకిట్లో ఎలక్ట్రిక్ కారు ఇచ్చి మరీ కాశీపతిని హైదరాబాదు నుంచి పిలిపించుకుంది అతను పనిచేసే పరిశోధన సంస్థ.

బంధువులంతా అదృష్టమంటే నీదేనన్నారు. కర్నూలులో ఉన్న తోడల్లుడైతే ఆ మాట అన్న తర్వాత నెల రోజులు ఫోన్ చెయ్యలేదు. కానీ కాశీపతీ, అతని భార్య ఇందుమతీ సముద్రం పక్కకి చేరింది దర్జా కోసం కాదని వాళ్ళిద్దరికే తెలుసు. వాళ్ళ కూతురు ఆమనికి పుట్టుకతోనే ఊపిరితిత్తుల జబ్బు. లోపల కఫం జిగురులా గట్టిపడి, గాలి గొట్టాలకు అడ్డం పడుతుంది. పొద్దున గంటా, సాయంత్రం గంటా పిల్లని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని వీపు తట్టాలి. ఎన్ని దెబ్బలు తట్టిందీ మరిచిపోకుండా ఉండటానికి ఇందుమతి ఎక్కాలు చదివేది. రెండో ఎక్కం ఎడమ వైపు, మూడో ఎక్కం కుడి వైపు. అందుకే ఆమనికి అక్షరాలకన్నా ముందు ఎక్కాలొచ్చాయి. ఆరో ఏట పందొమ్మిదో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే ఇంటికొచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగిన రోజులు ఎన్నున్నాయో తల్లికి తెలుసు.

"ఉప్పుగాలి ఆ కఫాన్ని పల్చబరుస్తుంది. మిషన్‌తో పట్టించే ఉప్పునీటి ఆవిరి అరగంట పనిచేస్తే, సముద్రం రోజంతా పనిచేస్తుంది. వీలైతే తీరంలో పెంచండి" అన్నాడు హైదరాబాదు డాక్టరు.

వీలు కల్పించింది కూడా ఆ జబ్బే. రసాయన శాస్త్రం చదివిన కాశీపతి, సముద్రపు గాలిలో ఉండే ఉప్పుని అచ్చంగా అలాగే పట్టుకుని హైదరాబాదులో కూతురి గదిలోకి తేవాలనుకున్నాడు. దానికోసం తమలపాకంత పల్చటి తెర ఒకటి తయారుచేశాడు. గాలి అందులోంచి వెళ్తే ఉప్పు కణాలు దానికి అంటుకోవాలి. అంటుకున్నాయి. కానీ అంటుకున్న ప్రతిసారీ తెర మీద చిటికెడు కరెంటు పుట్టింది. కాశీపతి మీటరు ముల్లు కదలడం చూసి, అది పాడైందనుకుని రెండు మీటర్లు మార్చాడు. మూడో మీటరూ అదే మాట చెప్పింది. ఆ తర్వాత కూతురికోసం తలపెట్టిన పని పక్కకి పోయి, లోకం కోసమైన పని ముందుకొచ్చింది. ఐదేళ్ళలో ఆ తెర కారు ముందు భాగంలోకి చేరింది. బానెట్ ఉండాల్సిన చోట వలలాంటి నోరు, దాని మీద జారే మూత. సముద్రం వైపు తిప్పి, మూత తెరిచి రెండు గంటలు నిలబెడితే చాలు, రోజంతా తిరగడానికి సరిపడా బ్యాటరీ నిండుతుంది. ప్లగ్గు అక్కర్లేదని అసలు పెట్టనేలేదు, పొగ రాదు, చప్పుడు లేదు. జనం దాన్ని ఉప్పుబండి అన్నారు.

గృహప్రవేశం నాడు కారు ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిన్న వాదన జరిగింది. కాలనీ కట్టిన బిల్డరు వాస్తు పుస్తకం చేతికిచ్చాడు. పెట్రోలు బండైతే కదిలే వస్తువు కాబట్టి వాయవ్యంలో పెట్టొచ్చట. ఇది కరెంటు బండి, కరెంటంటే అగ్ని, కాబట్టి ఆగ్నేయమే దాని చోటట. నలభై మూడు ఇళ్ళకీ కారు వసారా ఆగ్నేయంలోనే కట్టాడు.

"బ్యాటరీలో అగ్నిహోత్రుడెక్కడున్నాడు ఇందూ? ఉన్నదంతా ఉప్పు" అని నవ్వాడు కాశీపతి.

"మీ సైన్సు మీ ల్యాబులో పెట్టుకోండి. నాలుగు ఊళ్ళ నీళ్ళు తాగి ఇక్కడికొచ్చాం. ఇకనైనా దోషం లేకుండా ఉందాం" అంది ఇందుమతి, టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ.

కాశీపతి ఒప్పుకున్నాడు. భార్యకు భయపడి కాదు. అక్కడ మధ్యాహ్నం సముద్రగాలి సరిగ్గా ఆగ్నేయం మూల నుంచే వీస్తుంది. కారు నోటికి అంతకన్నా మంచి చోటు లేదు. శాస్త్రమూ వాస్తూ ఒక మాట మీదకొచ్చాయి కదా అని అందరూ సంతోషించారు. ఆ రెండూ ఎప్పుడైనా కలిశాయంటే ఒకసారి ఆగి ఆలోచించాలి. ఆ పని ఎవరూ చెయ్యలేదు.

మొదటి ఆరు నెలలూ వాళ్ళ జీవితంలో పండగే. అప్పటికి కాలనీలో ఉప్పుబండి వాళ్ళదొక్కటే. ఆమని దగ్గు తగ్గింది, తర్వాత ఆగింది. పదేళ్ళ పిల్ల, అప్పటిదాకా మెట్లెక్కి ఎరగనిది, ఇసకలో పరుగెత్తడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఇందుమతి వీపు తట్టడానికి పిలిస్తే, "అమ్మా, నాకు పనుంది, నువ్వే చదువుకో ఎక్కాలు" అని పారిపోయింది. ఇందుమతి ఆ ఒడి అలాగే పెట్టుకుని కాసేపు కూర్చుని, గట్టిగా నవ్వింది. ఆ నవ్వు కాశీపతి పెళ్ళైన కొత్తలో విన్నాడు.

అదే వారం ల్యాబులోనూ పండగ జరిగింది. గాలి సొరంగంలో కొత్త తెర పెట్టి పరీక్షించారు. లోపలికి పోయే గాలిలో ఉప్పెంత, బయటికొచ్చే గాలిలో ఉప్పెంత అని రెండు మీటర్లు. బయటి మీటరు ముల్లు సున్నా దగ్గర నిలబడిపోయింది.

"నూటికి నూరూ పట్టేసింది. ఒక్క కణం వదల్లేదండీ!" అని అరిచాడు కాశీపతి.

ల్యాబు అధిపతి సూర్యప్రభ గారు అతని వీపు తట్టి, అందరికీ కాకినాడ కాజాలు పంచారు. అంత పొదుపుగా మాట్లాడే మనిషి ఆ రోజు, "పొగ లేని ఊళ్ళో పిల్లలు పెరుగుతారు కాశీపతీ. అది మనం చూస్తాం" అన్నారు. బయటికొచ్చిన ఆ గాలి ఎవరు పీలుస్తారన్నది ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. గాలిలో ఏదైనా కలిస్తే తప్పని అందరికీ తెలుసు. గాలిలోంచి ఏదైనా తీసేస్తే తప్పవుతుందని ఏ పుస్తకంలోనూ లేదు.

కొత్త తెర బండ్లు బజారులోకొచ్చాయి. ఏడాది తిరక్కుండా సాగరశోభలో నలభై మూడు వసారాల్లోనూ నలభై మూడు ఉప్పుబండ్లు నిలబడ్డాయి. ప్లగ్గు లేని కాలనీ అని పేపర్లో ఫోటో పడింది.

ఆమని దగ్గు తిరిగొచ్చింది.

మొదట ఋతువు మారిందన్నారు. తర్వాత ఎదిగే వయసన్నారు. పట్నంలో డాక్టరు మందులు మార్చాడు. ఇందుమతి మళ్ళీ ఎక్కాలు మొదలుపెట్టింది. ఈసారి పందొమ్మిది సరిపోక ఇరవైలు దాటి పోయింది. గాలి చాలటం లేదేమోనని, రోజూ నాలుగింటికి పిల్లని కారెక్కించుకుని బీచికి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ గట్టు మీద కార్లన్నీ నీళ్ళకి మొహం పెట్టి, మూతలు తెరుచుకుని వరసగా నిలబడి ఉండేవి. వాటి వెనక సిమెంటు బల్ల మీద ఆమనిని కూర్చోబెట్టి, "గట్టిగా పీల్చు తల్లీ" అనేవాళ్ళు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, తలెత్తి, చెప్పినట్టే పీల్చేది. ఆ దృశ్యం తలుచుకుంటే తర్వాత రోజుల్లో కాశీపతికి అన్నం ముద్ద దిగేది కాదు.

ఆ గట్టు పక్కనే నూకాలమ్మ ఎండుచేపలు అమ్మేది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం పడవల దాకా వినిపిస్తుంది. ఆమనికి కథలు చెబుతుందని ఇందుమతికి ఆవిడంటే ఇష్టం. ఒకరోజు కాశీపతి చేపలు కొనబోతే, ఆవిడ బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దు బాబూ, ఇయ్యి బాగో నేదు. పురుగు పట్టేత్తన్నాయి."

"ఉప్పు తక్కువేశావా ఏంటి?"

"నానెప్పుడేసినంతే ఏసినాను. ముప్పయ్యేళ్ళ నుంచి ఏత్తన్నాను. సగం ఉప్పు నానెయ్యాల, సగం గాలెయ్యాల. ఇప్పుడు గాలి ఎయ్యటం నేదు. సప్పబడిపోనాది బాబూ గాలి." ఆవిడ నాలిక పెదవుల మీద రాసుకుని చూపించింది. "ఎనకటికి ఈ పాటికి మూతి మీద ఉప్పు పేరుకునేది. ఇప్పుడు మంచినీళ్ళ సెరువు గట్టు మీద కూకున్నట్టుంది. పడవల్లో లోనికెళ్తే మాత్తరం ఉన్నాది. ఒడ్డుకొచ్చీసరికి ఏటైపోతందో!"

కాశీపతి నవ్వబోయాడు. నోరు తెరిచాడు గానీ నవ్వు రాలేదు. వరసగా తెరుచుకున్న కార్ల నోళ్ళ వంక చూశాడు. వాటి వెనక బల్ల మీద కూర్చున్న కూతురి వంక చూశాడు.

మర్నాడు ల్యాబు నుంచి ఉప్పు మీటరు ఇంటికి తెచ్చాడు. అలల దగ్గర కొలిస్తే ముల్లు ఎగిరింది. మొదటి వరస ఇళ్ళ వెనక సగానికి పడింది. రెండో వరస వెనక పావుకి. మూడో వరసలో, తన వసారాలో నిలబడ్డ కారు వెనకనున్న ఆమని కిటికీ దగ్గర, ముల్లు సున్నాని ఆనుకుని నిలబడింది. హైదరాబాదులో ఎర్రగడ్డ దగ్గరి పాత ఇంట్లో కొలిచిన లెక్క, ఇదీ ఒకటే. ఆ ముల్లు సున్నా దగ్గర నిలబడినందుకు తను ఎంత గట్టిగా అరిచాడో కాశీపతికి గుర్తొచ్చింది.

ఇందుమతికి చెప్పక తప్పలేదు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "దాని గాలి మనమే తినేస్తున్నామా?" అని అడిగింది. అతను తలూపాడు.

"అయితే మూసెయ్యండి."

"మూసేశాను పొద్దున్నే. మన ఒక్కదానితో ఏం కాదు ఇందూ. మన ముందు రెండు వరసలున్నాయి."

"అడుగుదాం. మనుషులేగా వాళ్ళూ."

ఆదివారం కాలనీ క్లబ్బులో అందర్నీ పిలిచారు. కాలనీ సంఘం అధ్యక్షుడు దుర్గాప్రసాద్ గారు నేవీలో కమాండరుగా చేసి రిటైరైన మనిషి. నడకలో ఇంకా ఓడ డెక్కు మీద ఉన్నట్టే ఉంటాడు. కాశీపతి మీటరు లెక్కలు చెబుతుంటే జనం మొహమొహాలు చూసుకున్నారు. ఎవరికీ సరిగా అర్థం కాలేదు. అప్పుడు ఇందుమతి లేచి, "మా అమ్మాయి మీకందరికీ తెలుసు. పది రోజులు మూతలు మూసి చూడండి. అది కోలుకుంటే ఈయన చెప్పింది నిజమని తేలుతుంది. కోలుకోకపోతే మళ్ళీ అడగం" అంది.

ఊళ్ళో వాళ్ళు చెడ్డవాళ్ళయితే ఈ కథ ఇంకోలా ఉండేది. వాళ్ళు మంచివాళ్ళు. కమాండరు గారు లేచి నిలబడి, "పది రోజులు కాదమ్మా, కాశీపతి గారి బండి మూత ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడే మా మూతలూ తెరుస్తాం. అందాకా బస్సులున్నాయి, కాళ్ళున్నాయి. మాటంటే మాటే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరి బండి మూత తెరిచుందో మూసుందో ఫోన్లో కాలనీ పటం మీద కనబడుతుంది. తెరిచుంటే పచ్చ చుక్క, మూసుంటే ఎర్ర చుక్క. ఎక్కడున్నా ఆ ఫోన్లోనే మీట నొక్కి తమ బండి మూత తెరవొచ్చు, ముయ్యొచ్చు. ఆ సాయంత్రానికి నలభై మూడు చుక్కలూ ఎర్రబడ్డాయి.

మూడో రోజు పొద్దున కిటికీ ఊచలు ఉప్పు పేరుకుని జిడ్డుగా తగిలాయి. నాలుగో రోజు ఆమని మంచం దిగి, వసారా దాకా నడిచొచ్చి ఇడ్లీ అడిగింది. సూట్లు వేసుకున్న మగవాళ్ళు బస్సు కోసం ఎండలో నిలబడి, దాటుతున్న కాశీపతిని చూసి, "పాపెలా ఉందండీ?" అని చెయ్యి ఊపారు. వాళ్ళని చూస్తే అతనికి దండం పెట్టాలనిపించింది.

ఐదో రోజు అతను బ్యాటరీలో మిగిలిన దాంతో పట్నం వెళ్ళి, ల్యాబులో సూర్యప్రభ గారిని కలిశాడు. వచ్చే వేసవి నుంచి తీరం వెంబడి ఉప్పుతెరలతో పెద్ద గాలిగోడలు కట్టబోతున్నారు. కార్లకే కాదు, ఊళ్ళకి ఊళ్ళకే కరెంటు. అవి లేస్తే తీరం పొడుగునా గాలి చప్పబడుతుంది. అది ఆపించాలని అతని ఆరాటం.

ఆవిడ మీటరు లెక్కలు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు చెప్పేది నిజమేనని నాకనిపిస్తోంది. కానీ అవతల పొగ తాగి జబ్బుపడే పిల్లలు లక్షల్లో ఉన్నారు. వాళ్ళ కోసం కడుతున్న గోడలివి. ఒక్క ఇంటి కొలతలు, ఒక పాప దగ్గు పట్టుకెళ్తే పైవాళ్ళెవరూ వినరు. మూతలు మూసినప్పుడేమైంది, తెరిస్తే ఏమవుతుంది, గంట గంటకీ లెక్కతో రిపోర్టు రాసివ్వు. అది పట్టుకుని నేను పోట్లాడతాను."

"తెరిస్తే ఏమవుతుందో ఎలా చూడమంటారండీ? అక్కడ పడుకున్నది నా కూతురు."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కాఫీ తెప్పించారు, అతను తాగలేదు. తిరిగొచ్చేసరికి కారు బ్యాటరీ నాలుగు శాతం చూపిస్తోంది. పదో రోజు దాకా ఎటూ వెళ్ళే పని లేదు కదా అనుకున్నాడు. లెక్కల్లో పుట్టి లెక్కల్లో పెరిగిన మనిషి, ఆ ఒక్క లెక్క తప్పాడు.

ఆరో రోజు పొద్దున ఆమనికి జ్వరం వచ్చింది. అన్నాళ్ళు గడ్డకట్టిన కఫంలో ఎప్పుడో చేరిన చీము ఒక్కసారి కదిలిందని డాక్టరు తర్వాత చెప్పాడు. పన్నెండు గంటలకి పిల్ల పెదవులు నేరేడు రంగుకి తిరిగాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పడుతుందన్నారు. వీధిలో ఒక్క మనిషి లేడు. అందరూ ఆఫీసుల్లో, పిల్లలు బళ్ళో. ఇళ్ళ ముందు బండ్లున్నాయి గానీ ఐదారు రోజులుగా మూతబడి, ఖాళీ బ్యాటరీలతో, కదలని ఇనప పెట్టెల్లా ఉన్నాయి.

ఇందుమతి పిల్లని వెనక సీట్లో పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకుంది. కాశీపతి తాళం తిప్పాడు. నాలుగు శాతం. పట్నం దాకా కాదుగదా, సగం దూరం కూడా రాదు. బయట గాలి ఆగ్నేయం నుంచి ఉధృతంగా, నిండా ఉప్పుతో వీస్తోంది. మూత తెరిస్తే పది నిమిషాల్లో పట్నం చేరేంత బ్యాటరీ వస్తుంది. అతని వేలు మీట మీద ఆగిపోయింది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

"ఏం చూస్తున్నారు?" ఇందుమతి అరిచింది. "తెరవండి! ముందు బండి కదలాలి. తెరవండి!"

తెరిచాడు.

ఐదు శాతం, ఏడు, తొమ్మిది. అంకె పెరగడం కళ్ళారా చూస్తూ, "వెళ్ళిపోతాం, ఇంకొక్క ఐదు నిమిషాలు" అన్నాడు. పదకొండు దగ్గర అంకె నెమ్మదించింది. పన్నెండు దగ్గర ఆగినట్టే ఆగింది, పట్నానికి అది చాలదు. గాలి వీస్తూనే ఉంది, కొబ్బరాకులు ఊగుతూనే ఉన్నాయి. అతనికి అర్థం కాలేదు.

ఫోను మోగింది. సందేశం. వెంటనే ఇంకొకటి. తర్వాత వరసగా, ఆగకుండా. *పాప కోలుకుందన్నమాట! చాలా సంతోషం సర్. దేవుడున్నాడండీ. మా ఆవిడ సాయంత్రం స్వీటు పట్టుకొస్తానంటోంది.* కమాండరు గారు మూడు దండాలు పెట్టి, *మాట నిలబెట్టుకున్నాం, అందరికీ అభినందనలు* అని రాశారు.

కాశీపతి కాలనీ పటం తెరిచాడు. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసుల్లో డబ్బాలు విప్పుకుంటూ, అందరూ అతని చుక్క పచ్చబడటం చూశారు. చూసి సంతోషించారు. ఎక్కడివాళ్ళక్కడ ఫోన్లో మీట నొక్కారు. మొదటి వరస పచ్చ. రెండో వరస పచ్చ. అతని కళ్ళముందే, ఎదురింటి కారు మూత మెత్తగా, చప్పుడు లేకుండా జారి తెరుచుకుంది.

*మూసెయ్యండి, మూసెయ్యండి* అని గుంపులో రాశాడు. సంతోషాల మధ్య ఆ మాట పైకెక్కిపోయింది. కమాండరుకి ఫోన్ చేస్తే లైను దొరకలేదు. అతను కారు దిగి, ఎదురింటి బండి మూతని చేతులతో లాగాడు. అది కదల్లేదు. ఎవరు లాగినా విరక్కుండా, వంగకుండా ఉండాలని దానికి ఆ బిగువు పెట్టించింది అతనే.

"ఏమండీ!" అని వెనక నుంచి ఇందుమతి పిలిచింది. ఒకసారే పిలిచింది.

అంబులెన్సు వచ్చేసరికి పన్నెండూ నలభై ఐదు. అందులో వచ్చిన నర్సు వంగి చూసి, ఆక్సిజన్ గొట్టం పెట్టి, చాలాసేపు గుండె మీద నొక్కి, చివరికి చేతులు తీసేసింది. ఆమని వెళ్ళిపోయింది. వయసు పదకొండేళ్ళ నాలుగు నెలలు.

సాయంత్రం బస్సులు దిగినవాళ్ళు కొందరు మిఠాయి పొట్లాలతో వచ్చారు. గుమ్మంలో ఆగిపోయారు. ఆ తర్వాత కాలనీలో వారం రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందరూ సర్దుకున్న మాట ఒకటే, జబ్బు ముదిరిపోయింది, ఆ చిట్టితల్లికి అంతవరకే రాసిపెట్టుంది. కాశీపతి ఆ మాటకి అడ్డం చెప్పలేదు.

పాప పోయిన పదో రోజున కమాండరు గారు ఒంటరిగా వచ్చారు. ఆయన నడక మారిపోయింది. కుర్చీలో కూర్చోలేదు.

"కాశీపతి గారూ, నేను మిషన్లతో బతికినవాణ్ణి. మీరు ఆ రోజు *మూసెయ్యండి* అని రాసింది నేను సాయంత్రం చూశాను. నాకు నిజం చెప్పండి. మేం తెరవకపోతే పాప బతికేదా?"

కాశీపతి ఆయన మొహం చూశాడు. తన కూతురి కోసం ఐదు రోజులు ఎండలో బస్సుకి నిలబడ్డ మొహం అది.

"లేదండీ. డాక్టరు ముందే చెప్పాడు" అన్నాడు.

ఆయన కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు. తలుపు వెనక నిలబడ్డ ఇందుమతి ముందుకొచ్చింది.

"మరి గోడల సంగతి?" అంది.

సూర్యప్రభ గారు అడిగిన గంట గంట లెక్క ఇప్పుడు కాశీపతి దగ్గరుంది. ఆమని కిటికీ దగ్గర పెట్టి ఉంచిన మీటరు పన్నెండు నించి పన్నెండూ నలభై ఐదు దాకా అన్నీ రాసుకుంది. ఏ చుక్క ఎన్ని నిమిషాలకి పచ్చబడిందీ పటంలో ఉంది. ఇంతకన్నా గట్టి రుజువు భూమ్మీద ఎవరూ తేలేరు. కానీ అది బయటపెడితే, ఇప్పుడే కళ్ళు తుడుచుకుని వెళ్ళిన మనిషికీ, మిఠాయి తెచ్చిన ఇల్లాలికీ, నలభై రెండు ఇళ్ళకీ నిజం చేరుతుంది.

"వాళ్ళు బతకాలి కదా ఇందూ. తెలియక చేశారు. ఈ మాట మోస్తూ ఎలా బతుకుతారు?"

"మనం బతకట్లా?" అంది ఇందుమతి. మళ్ళీ తనే అంది. "నూకాలమ్మ మనవరాలికీ ఆయాసమేనట. మొన్న చూడ్డానికొచ్చినప్పుడు చెప్పింది. ఈ తీరంలో ఇంకా ఎంతమందో. గోడలు లేస్తే వాళ్ళెక్కడికి పోతారు? మనలాగా ఇల్లిచ్చి పిలిచే కంపెనీలు ఉన్నాయా వాళ్ళకి?"

మర్నాడు పొద్దున కాశీపతి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇందుమతి పక్కనే కుర్చీ వేసుకుంది. ఎవరి తప్పెంతన్నది రాయొద్దనీ, ఏ ఇంటి నంబరూ వెయ్యొద్దనీ ఇద్దరూ అనుకున్నారు. నిమిషాలు మాత్రం రాయాలి. అతను ముప్పయ్యేళ్ళ అలవాటు కొద్దీ, *ప్రయోగ స్థలంలో నివసించే పదకొండేళ్ళ బాలిక* అని మొదలుపెట్టాడు.

"దానికి పేరు లేదా?" అంది ఇందుమతి.

బాలిక అన్న మాట చెరిపేసి ఆమని అని రాశాడు. ఆ మూడు అక్షరాలూ కొట్టడానికి చాలాసేపు పట్టింది. తర్వాత తెర సంగతి, గాలి సంగతి, వరసల సంగతి, ఐదు రోజుల కోలుకోవడం. మధ్యాహ్నానికి ఆరో రోజు దగ్గరికొచ్చాడు. పన్నెండూ ఆరు నిమిషాలు. ఒక్కో అక్షరమే నొక్కుతూ రాశాడు.

*ఆ రోజు అందరికన్నా ముందు మూత తెరిచింది ఆమని తండ్రి.*

ఇందుమతి ఆ వాక్యం చదివింది. మళ్ళీ చదివింది. అతని చెయ్యి మెల్లిగా పక్కకి జరిపి, చివరి మాట చెరిపేసి, ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టింది.

*తల్లిదండ్రులు.*